ఏ మందారం తెచ్చుకోవాలి? రెక్క, ముద్ద, హైబ్రిడ్, మిరప మందారాల పోలిక

నర్సరీలో మందారాల వరస ముందు నిలబడితే ఎవరి చెయ్యైనా ముందు హైబ్రిడ్ వైపే వెళ్తుంది. అరచెయ్యంత పువ్వు, పసుపు రెక్కలు, మధ్యలో ముదురు ఎరుపు. పక్కనే నల్ల కవర్లో నాటు ఎర్ర మందారం ఉంటుంది. పువ్వు ఒక్కటీ ఉండదు. నాలుగు కొమ్మలు, కాస్త దుమ్ము పట్టిన ఆకులు. దాని వంక ఎవరూ చూడరు. నేనూ మొదట్లో అలాగే రెండు హైబ్రిడ్‌లు తెచ్చుకున్నాను. ఒకటి మొదటి ఎండాకాలం దాటలేదు. రెండోది ఇప్పటికీ ఉంది, నెలకోసారి ఏదో ఒక సేవ చేయించుకుంటూ. దానికి చేసిన సేవలో సగం కూడా చేయకుండానే, ఊరి నుంచి కొమ్మ తెచ్చి గుచ్చిన రెక్క మందారం రోజూ పూజకు సరిపడా పూలిస్తోంది.

హైబ్రిడ్ కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తనకు తగిన చోట పెడితే ఏ మందారమైనా మంచి మొక్కే. అయితే రంగు చూసి మొక్కను ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది పడేది మొక్కా, మనమూ. ముందు మీ ఇంట్లో దానికి దొరికే ఎండ, చోటు, నీళ్లు చూసుకోండి. రంగు ఆ తర్వాత.

కొనే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

మొదటిది ఎండ. మందారానికి రోజుకు ఐదారు గంటల నేరు ఎండ కావాలి. "వెలుతురు బాగానే వస్తుందండీ" అంటే చాలదు. ఒక ఆదివారం పొద్దున్నే లేచి, కుండీ పెట్టాలనుకున్న చోట ఎండ ఎప్పుడు పడుతోందో, ఎప్పుడు తప్పుకుంటోందో గంటగంటకూ చూడండి. తూర్పు బాల్కనీకి పొద్దుటి లేత ఎండ వస్తుంది. పడమటి బాల్కనీకి మధ్యాహ్నం మండే ఎండ వస్తుంది. ఉత్తరపు బాల్కనీకి ఏడాదిలో చాలా నెలలు నేరు ఎండే తగలదు. ఎండ తక్కువైతే మందారం చావదు. ఆకులు పెద్దవై, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది, పూలు మాత్రం పూయదు. ఎరువు చాల్లేదేమో అని చాలామంది ఇంకా వేస్తారు. ఆకులు ఇంకా పెరుగుతాయి, అంతే.

రెండోది చోటు. నేలలో పెడతారా, కుండీలోనా? నాటు మందారం (రెక్క, ముద్ద) నేలలో ఎనిమిది, పది అడుగుల పొద అవుతుంది. కుండీలో పెడితే కత్తిరించుకుంటూ నాలుగైదు అడుగుల్లో ఉంచుకోవచ్చు, కానీ కుండీ కనీసం 14 అంగుళాలది ఉండాలి. హైబ్రిడ్‌కి 12 అంగుళాలది చాలు.

మూడోది, పువ్వు దేనికి? దీన్ని చాలామంది అడుక్కోరు. రోజూ దేవుడికి పెట్టడానికైతే పువ్వు సైజు కన్నా పూల సంఖ్య ముఖ్యం. తలనూనెకో, ఆకు రుబ్బి తలకు పెట్టుకోవడానికో అయితే మందులు కొట్టాల్సిన అవసరం తక్కువుండే మొక్క కావాలి. చూసుకుని మురిసిపోవడానికైతే హైబ్రిడ్‌కి సాటి లేదు.

ఇక నీళ్లు, ఓపిక. మీరు నెలకు నాలుగు రోజులు ఊరెళ్లే మనిషైతే, ఎండాకాలంలో రెండు రోజులు నీళ్లు పోయకపోయినా నిలబడే మొక్కనే తెచ్చుకోవాలి. ఇంటికి వచ్చేది బోరు నీళ్లా, మున్సిపల్ నీళ్లా అన్నది కూడా చూసుకోండి. దాని సంగతి హైబ్రిడ్ దగ్గర చెప్తాను.

ఒక్క చూపులో

| చూడాల్సింది | రెక్క మందారం | ముద్ద మందారం | హైబ్రిడ్ | మిరప మందారం |
|---|---|---|---|---|
| ఎండ | 5–6 గంటలు, మండుటెండనూ తట్టుకుంటుంది | 5–6 గంటలు | 5 గంటలు, ఏప్రిల్–మేలో మధ్యాహ్నం నీడ కావాలి | 3 గంటలున్నా పూస్తుంది |
| కుండీ | 14 అంగుళాలు, నేల అయితే ఇంకా మంచిది | 14 అంగుళాలు | 12 అంగుళాలు | నేలే మేలు |
| పువ్వు నిలిచేది | ఒక రోజు | ఒక రోజు | కొన్ని రకాల్లో రెండు మూడు రోజులు | విచ్చుకోదు, కొన్ని రోజులు వేలాడుతుంది |
| కొమ్మ నాటితే | తేలిగ్గా వస్తుంది | తేలిగ్గా వస్తుంది | చాలా రకాలు రావు, అంటు కట్టాలి | చాలా తేలిక |
| చీడపీడలు | వస్తాయి, తట్టుకుంటుంది | వస్తాయి, పువ్వులో దాక్కుంటాయి | ఎక్కువ, తొందరగా నీరసపడుతుంది | తక్కువ |
| పూజకు | రోజూ | రోజూ | ఒకటీ అరా | కొందరు పెడతారు |

రెక్క మందారం

ఐదు రెక్కలు, మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చే పొడవాటి కేసరం, దాని చివర పసుపు పుప్పొడి. మందారం అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఇదే. ఎరుపే ఎక్కువ కనిపిస్తుంది. తెలుపు, లేత గులాబీ కూడా ఉన్నాయి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు 'చైనా గులాబీ' అనే అర్థం వచ్చేలా పెట్టాడు. మలేసియా 1960లో ఎర్ర మందారాన్ని జాతీయ పుష్పం చేసుకుంది. అక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పూజ గదిలో పువ్వూ, దేశపు పువ్వూ కూడా.

దీని బలం ఓర్పు. రెండు రోజులు నీళ్లు లేకపోతే ఆకులు వాలుస్తుంది, పోసిన గంటకల్లా లేచి నిలబడుతుంది. వేరు పట్టిందంటే దశాబ్దాలు ఉంటుంది. వర్షాకాలంలో పెన్సిల్ మందం కొమ్మను ఆరేడు అంగుళాల పొడవున, కింది కొస కణుపు కిందుగా కోసి, పై రెండు ఆకులు తప్ప మిగతావి తీసేసి, తడి మట్టిలో గుచ్చితే నెల రోజుల్లో వేళ్లు పడతాయి. కాబట్టి దీన్ని కొనాల్సిన అవసరం కూడా లేదు. మీ వీధిలో ఎవరింటి ముందో ఉండే ఉంటుంది. "పిన్నిగారూ, ఒక కొమ్మ ఇస్తారా" అని అడిగితే ఎవరూ కాదనరు.

మైనస్ ఏమిటంటే, ఇది పెద్దదవుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెడితే ఏడాది తిరిగేసరికి గ్రిల్ దాటి పైఫ్లోర్ వైపు వెళ్తుంది. కత్తిరించాలి. కత్తిరించడానికి చాలామందికి మనసొప్పదు, పూలు పోతాయని. మందారం కొత్త చిగురు మీదే మొగ్గ వేస్తుంది, అందుకే కొమ్మ కోస్తే పూలు పెరుగుతాయి. చలి తగ్గాక ఫిబ్రవరిలో ఒకసారి మూడో వంతు కోసేయండి. వానలు మొదలయ్యాక జూన్, జులైలో కొసలు తుంచండి. నడి మేలో మాత్రం కత్తెర పట్టొద్దు. కోసిన కొమ్మ ఎండకు మాడుతుంది.

మా మేడ మీదకు తేనెపిట్టలు వచ్చేది దీని కోసమే. పువ్వు ముందు నుంచి రావు. పక్కన కొమ్మ మీద వాలి, తొడిమ దగ్గర ముక్కుతో చిన్న చిల్లు పొడిచి తేనె తాగిపోతాయి. సాయంత్రం ముడుచుకున్న పూలను ఏరుతుంటే ఆ చిల్లు కనిపిస్తుంది.

ముద్ద మందారం

సాగు విషయంలో ఇది రెక్క మందారానికి తోబుట్టువే. అదే ఎండ, అదే మట్టి, కొమ్మతో అంత తేలిగ్గానూ వస్తుంది. కేసరాలే రెక్కలుగా మారిపోవడం వల్ల పువ్వు బంతిలా ముద్దగా ఉంటుంది. పళ్లెంలో నాలుగు పెడితే నిండిపోతుంది. మా అమ్మ ఎప్పుడూ ముద్ద మందారమే పెంచేది. అమ్మవారికి నిండు పువ్వు పెట్టాలనేది ఆవిడ పట్టు.

తేడా రెండు చోట్ల. వర్షాకాలంలో ఆ పొరల మధ్య నీళ్లు నిలిచి పువ్వు బరువుకు వాలి, కొన్ని మొగ్గలు విచ్చుకోకుండానే కుళ్లుతాయి. కోస్తా జిల్లాల్లో వానలు ఆగకుండా పడే రోజుల్లో ఇది బాగా కనిపిస్తుంది. రెండోది, తామర పురుగులు, పిండినల్లి (తెల్లటి దూదిలా కనిపించే పురుగు) ఆ మడతల్లో దాక్కుంటాయి. పువ్వు పైకి బాగానే ఉంటుంది, విదిలిస్తే నల్లటి సన్నటి పురుగులు రాలతాయి. పూజకు కోసేవాళ్లు ఒకసారి తలకిందులుగా పట్టుకుని కొట్టి చూసుకోవడం మంచి అలవాటు.

రెక్కా ముద్దా ఒకే ధరకు దొరికితే, పూల సంఖ్య కావాలనుకునేవాళ్లు రెక్క, పువ్వు నిండుదనం కావాలనుకునేవాళ్లు ముద్ద తీసుకోండి. నేలలో చోటుంటే రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు, మధ్యలో నాలుగడుగులు వదిలి.

హైబ్రిడ్

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ దిగులు దీని దగ్గరే.

నర్సరీల్లో వీటిని పూణే వెరైటీ, ఆస్ట్రేలియన్ వెరైటీ, ఇలా రకరకాల పేర్లతో అమ్ముతారు. ధర నాటు మొక్కకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. పువ్వు చూస్తే ఆ డబ్బు ఎక్కువనిపించదు. ఒకే రెక్క మీద మూడు రంగులు, అలలు తిరిగిన అంచు, కొన్నింట్లో రెండో రోజుకు రంగే మారిపోతుంది. మొదటిసారి మా ఇంట్లో పూసినప్పుడు వీధిలో వాళ్లు ఆగి చూసి వెళ్లారు. ఆ ఆనందం నిజమైనదే, అందుకే ఇప్పటికీ ఒకటి పెంచుతున్నాను.

కానీ పువ్వు కోసం పెంచిన జాతి కావడంతో చాలా రకాల్లో వేరు బలహీనంగా ఉంటుంది. అందుకే నాటు మందారం మొదలు మీద అంటు కట్టి అమ్ముతారు. అంటు మొక్క కొంటే అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తుంచాలి. వదిలేస్తే కింద ఉన్న నాటు మొక్కే పెరిగిపోయి, పైదాన్ని మింగేస్తుంది. రెండేళ్ల తర్వాత "మా పసుపు మందారం ఎర్రగా పూస్తోంది" అనేవాళ్ల ఇంట్లో చాలాసార్లు జరిగింది ఇదే.

నీళ్లు దీనికి అసలు పరీక్ష. మట్టి ఎప్పుడూ కాస్త తేమగా ఉండాలి, తడిసి ముద్దగా ఉండకూడదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజు పోయకండి. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బంది ఉండదు. ఎండాకాలం వేరు. హైదరాబాద్‌లో 42 డిగ్రీలు దాటిన రోజున మేడ మీద సిమెంటు వేడికి కుండీ గోడే కాలిపోతుంది, లోపలి వేళ్లు ఉడికినట్టవుతాయి. ఏప్రిల్ రాగానే కుండీని పొద్దుటి ఎండ మాత్రమే పడే చోటికి జరపండి, లేదా ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టినా తేడా తెలుస్తుంది. విజయవాడలోనూ, రామగుండం వైపూ ఇది ఇంకా ముఖ్యం. విశాఖలో వేడి కాస్త తక్కువ, కానీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆకు మచ్చలు చూసుకోవాలి.

ఇప్పుడు బోరు నీళ్ల సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల చాలా చోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. నెలల తరబడి అవే పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, మట్టి క్షారం వైపు వెళ్తుంది, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. దాని గుర్తు స్పష్టంగా ఉంటుంది. కొత్త ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, వల గీసినట్టు. పాత ఆకులు పసుపై రాలితే అంత టెన్షన్ పడక్కర్లేదు. కొత్త ఆకులు ఇలా అయితే చీలేటెడ్ ఐరన్ (మొక్కకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము) లీటరుకు అర గ్రాము కలిపి ఆకుల మీద కొట్టండి, వాన నీళ్లు పట్టుకోగలిగితే అవి పోయండి. నాటు మందారానికీ ఇది వస్తుంది, కానీ అది ఓర్చుకుంటుంది. హైబ్రిడ్ నెలలో డీలా పడుతుంది.

క్షారం అంటే గుర్తొచ్చింది. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఎర్ర మందారం రెక్కలు నాలుగు వేడినీళ్లలో నానబెట్టించండి. ఆ రంగునీళ్లలో సబ్బునీళ్లు కలిపితే ఆకుపచ్చకు, నిమ్మరసం పిండితే ముదురు గులాబీకి మారతాయి. ఆమ్లం, క్షారం పాఠం ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త. పూలు రావాలని డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) గుప్పిట్లతో వేసేవాళ్లున్నారు. మందారానికి భాస్వరం ఎక్కువైతే మేలు కన్నా చెరుపే ఎక్కువ, పొటాష్ అంటేనే దానికి ఇష్టం. నెలకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్ట్, పదిహేను రోజులకోసారి పొటాష్ ఎక్కువున్న ఎరువు కొద్దిగా, తడి మట్టి మీద. పొడి మట్టిలో ఎరువు వేస్తే వేళ్లు మాడతాయి.

మిరప మందారం

ఎండ చాలని ఇళ్లకు ఇది దేవుడిచ్చిన మొక్క. పూలు విచ్చుకోవు. పండు మిరపకాయల్లా ఎర్రగా కిందికి వేలాడుతుంటాయి. నిజానికి ఇది మందారానికి చుట్టం మాత్రమే, మెక్సికో వైపు నుంచి వచ్చిన వేరే మొక్క. మూడు గంటల ఎండ తగిలినా ఏడాది పొడవునా ఏదో ఒక కొమ్మకు పూలుంటాయి. ఏ కొమ్మ గుచ్చినా బతుకుతుంది. చిన్నప్పుడు దీని పువ్వు లాగి, కింది కొసను పీల్చి తేనె తాగని పల్లెటూరి పిల్లలు అరుదు. ప్రహరీ వెంట కంచెలా వేసుకోవడానికి బాగుంటుంది. కుండీలో మాత్రం అడ్డదిడ్డంగా పెరిగి విసిగిస్తుంది.

ఇంకా రెండు రకాలు ఉన్నాయి. లోలాకులా కిందికి వేలాడుతూ, రెక్కలు చీలికలు చీలికలుగా ఉండే మందారం తూర్పు ఆఫ్రికాది. పెంపకం రెక్క మందారంలాగే. పొద్దున తెల్లగా విచ్చుకుని సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది ఇంకొకటి. అది చిన్న చెట్టంత అవుతుంది, పెరడు ఉన్నవాళ్లకే.

పిండినల్లి గురించి తెలిశాకే నిర్ణయం తీసుకోండి

మందారం పెంచేవాళ్లలో పిండినల్లి చూడనివాళ్లు లేరు. కొమ్మ కొసల్లో, ఆకు కాడ దగ్గర తెల్లటి దూది ముద్దలు. చిగురు ముడుచుకుపోతుంది, మొగ్గలు వంకర తిరుగుతాయి. ఏ రకం కొన్నా ఇది వస్తుంది. అది వచ్చాక మొక్క ఎంత తట్టుకుంటుందన్న దగ్గరే తేడా.

మందారం, బెండ, పత్తి, గోంగూర ఇవన్నీ ఒకే కుటుంబం. పత్తిని పీడించే పిండినల్లే మందారం మీదా, బెండ మీదా ఉంటుంది. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ మీద కూడా బతుకుతుంది. అందువల్ల మేడ మీద బెండ కుండీల పక్కన మందారం పెట్టకండి. పక్క ప్లాట్‌లో వయ్యారిభామ పెరిగితే మందారానికి ఎంత మందు కొట్టినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

కొమ్మ మీద చీమలు వరసగా పైకీ కిందికీ తిరుగుతుంటే అప్పుడే చూసుకోండి. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళ్తాయి. చీమలను ఆపితే సగం పని అయినట్టే.

వచ్చాక ఏం చెయ్యాలంటే, బాగా పట్టిన కొసలను కోసి కవర్లో మూటకట్టి పారేయండి, కుండీ పక్కన పడేయొద్దు. మిగతా కొమ్మల మీద పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. సాయంత్రం పూట లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోప్ కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు సార్లు. ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లలోంచి మళ్లీ పుడతాయి.

మందు కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి దగ్గరగా చూడండి. పిండినల్లిలాగే ఒళ్లంతా తెల్లటి దూదితో, కానీ ఇంకా పెద్దగా, చకచకా నడిచే పురుగు కనిపిస్తే దాన్ని చంపకండి. అది ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినేది అదే. నేను ఒకసారి వాటిని పిండినల్లే అనుకుని ఏరి సబ్బునీళ్లలో వేశాను. తర్వాత తెలిసి చాలా బాధేసింది.

రెక్క మందారానికి సగం కొమ్మలు కోసేసినా నెలన్నరలో మళ్లీ నిండుతుంది. హైబ్రిడ్‌ని అంత కోస్తే కోలుకోవడానికి ఒక సీజన్ పడుతుంది, కొన్నిసార్లు కోలుకోదు. వారానికోసారి ఆకులు తిప్పి చూసే అలవాటు మీకుంటే హైబ్రిడ్ తెచ్చుకోండి. లేకపోతే వద్దు.

మొగ్గలు రాలడం ఇంకో ఫిర్యాదు. రాలిన మొగ్గను పారేయకుండా గోటితో నిలువునా చీల్చండి. లోపల సన్నటి పురుగులు కదిలితే అది చీడ. రాలిన మొగ్గలన్నీ రోజూ ఏరి పారేసి, వేపనూనె కొట్టాలి. లోపల శుభ్రంగా ఉంటే నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయి ఉంటాయి, లేదా కుండీ చోటు మార్చి ఉంటారు, లేదా ఎండ దెబ్బ. ఈ రెండో రకానికి మందులేవీ అక్కర్లేదు.

మీరు ఎవరైతే, ఏది?

రోజూ పూజకు పూలు కావాలి, ఎండ బాగా వస్తుంది: రెక్క ఎర్ర మందారం. ఇంకో ఆలోచన అక్కర్లేదు. కోసిన పువ్వును నీళ్లలో పెట్టకపోయినా ఆ రోజంతా వాడదు, అదొక సౌకర్యం.

తూర్పు బాల్కనీ, ఒకటే కుండీ, మొక్కలంటే ఇష్టం, రోజూ చూసుకునే తీరిక: హైబ్రిడ్ ఒకటి. ఒక్కటే. అది ఏడాది నిలబడ్డాక రెండోది.

పడమటి బాల్కనీ, మధ్యాహ్నం మాడే ఎండ, ఇద్దరూ ఉద్యోగాలు: ముద్ద లేదా రెక్క మందారం, పెద్ద కుండీలో. మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిస్తే నీళ్లు త్వరగా ఆరవు.

ఉత్తరపు బాల్కనీ: మిరప మందారం ప్రయత్నించవచ్చు. నిజం చెప్పాలంటే అక్కడ నందివర్ధనం ఇంకా బాగా పూస్తుంది. మందారమే కావాలని పట్టుబట్టి, ఏళ్ల తరబడి పువ్వు లేని మొక్కను చూసి బాధపడటం కన్నా అది నయం.

తలకు ఆకు రుబ్బి పెట్టుకోవడానికి: నాటు ఎర్ర మందారమే. ఆకులోని జిగురు జుట్టును మెత్తగా చేస్తుంది. జుట్టు పెరుగుతుందని నేను మాట ఇవ్వలేను. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క ఆకులు మాత్రం వాడకండి, వాటికి మందులు కొట్టి ఉంటారు. మీ ఇంట్లో కొత్తగా వేసిన చిగుళ్లు ముదిరాక వాడుకోండి.

నల్లరేగడి నేలలో వేసేవాళ్లు గొయ్యి రెండడుగులు తవ్వి, తీసిన మట్టిలో సగానికి ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపండి. నీళ్లు నిలిస్తే రెక్క మందారం కూడా వేరు కుళ్లి పోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ లెక్కలన్నీ మారతాయి. మన మందారం మంచు తట్టుకోదు. న్యూజెర్సీలోనైతే రాత్రి వేడి 10 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లే ముందే కుండీని లోపలికి తెచ్చి, కిటికీ పక్కన పెట్టి, నీళ్లు తగ్గించాలి. ఆకులు కొన్ని రాలతాయి, కంగారు పడొద్దు. హ్యూస్టన్‌లో చాలా ఏళ్లు బయటే బతుకుతుంది, కానీ 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను కమ్మిన చలి లాంటిది వస్తే నిలవదు. ప్రతి ఏడాదీ మోసుకోలేమనుకుంటే అక్కడి చలి మందారాలే మంచివి. శీతాకాలంలో పైన అంతా ఎండిపోయి, వసంతంలో మొదలు నుంచి మళ్లీ లేచి, పళ్లెమంత పూలు పూసే రకం ఒకటి. దక్షిణ కొరియా వాళ్లు జాతీయ పుష్పంగా భావించే, మంచులో నిలబడే పొద రకం ఇంకొకటి. ఈ పొద రకానికి మన ముద్ద మందారపు ఎరుపు రాదు. దేవుడి గది కోసం ఒక చిన్న నాటు కుండీ లోపల ఉంచుకుని, పెరట్లో చలి మందారం వేసుకుంటే రెండు కోరికలూ తీరతాయి.

నర్సరీలో మొక్క చేతికి వచ్చాక

కొనడానికి మంచి కాలం జూన్ నుంచి సెప్టెంబర్. పూలు ఎన్నున్నాయో చూడకండి, చిగుళ్లు ఎన్నున్నాయో చూడండి. మూడు నాలుగు కొమ్మలు మొదలు దగ్గరే చీలిన మొక్క, ఒకే కొమ్మతో పొడుగ్గా ఉన్నదానికన్నా మంచిది. ఆకు తిప్పి అడుగున చూడండి, కొమ్మ సందుల్లో చూడండి. తెల్లటి చుక్క ఒక్కటి కనిపించినా పక్క మొక్క తీసుకోండి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా, పొద్దుటి ఎండ మాత్రం తగిలే చోట ఉంచండి.

మన రాష్ట్రాల్లో అమ్మే పూల మొక్కల్లో చాలావరకు రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి వస్తాయి. అక్కడి గోదావరి ఒండ్రుమట్టి ముద్దలోనే వేరు ఉంటుంది. ఆ మట్టి తడిగా ఉన్నంతసేపు బాగుంటుంది, ఒకసారి ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. మనం దాన్ని అలాగే తీసుకెళ్లి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన వదులు మట్టిలో పెడతాం. పోసిన నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి దిగిపోతాయి, మధ్యలో ముద్ద మాత్రం ఎండిపోయి ఉంటుంది. పైన చూస్తే తడి, మొక్క మాత్రం వాలిపోతుంది. మా మొదటి హైబ్రిడ్ పోయింది ఇలాగే. పీకి చూస్తే చుట్టూ చెమ్మ, మధ్యలో గుప్పెడు బంకమట్టి ఇటుక ముక్కలా ఉంది, వేళ్లు అందులోనే ఇరుక్కుని ఉన్నాయి.

అందుకని తెచ్చిన పది రోజులకు, మొక్క కుదుటపడ్డాక, కవర్ చింపి ఆ మట్టి ముద్దను బకెట్ నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచండి. మెత్తబడిన బయటి మట్టిని వేళ్లతో నెమ్మదిగా మూడో వంతు మాత్రం జార్చండి, పూర్తిగా కడిగేయొద్దు. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, కంపోస్ట్ మూడు, కోకోపీట్ రెండు, ఇసుక ఒక పాలు కలిపిన మట్టిలో, ముందున్న లోతులోనే నాటి, కుండీ అడుగు చిల్లుల్లోంచి కారేదాకా నీళ్లు పోయండి. అంటు మొక్కైతే అతుకు మట్టికి మూడు వేళ్ల పైన ఉండాలి. నాటింది సాయంత్రమైతే ఇంకా మంచిది. నాలుగు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత రోజుకో గంట చొప్పున ఎండ పెంచండి. ఆ వారంలో మొగ్గలుంటే తుంచేయండి, వేరు కుదురుకోవడానికి.